అటక మీది విమానం

ఆ ఇంట్లో పొద్దున్నే ఒక దృశ్యం తరచూ కనిపించేది. పోర్టులో ముప్ఫై ఆరేళ్లు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి నేల మీద బోర్లా పడుకుని, చేతిలో టార్చిలైటుతో మంచం కింద వెతుకుతూ ఉండేవాడు. భార్య కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

''ఇవాళేం పోయింది?''

''పైలట్ చేత్తో పట్టుకునే కర్ర.''

''ఎంతుంటుంది?''

''బియ్యపు గింజలో సగం.''

ఆవిడ ఇంకేమీ మాట్లాడేది కాదు. కాఫీ బల్ల మీద పెట్టి, చీపురు తెచ్చి ఆయన చేతికిచ్చేది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడకు తెలిసొచ్చింది ఒకటే. ఈ మనిషి పేకాడడు, సిగరెట్టు కాల్చడు, సాయంత్రాలు క్లబ్బుకు వెళ్లడు. ఉన్నదల్లా ఈ ఒక్క పిచ్చే. యుద్ధవిమానాల బొమ్మలు చెయ్యడం.

బొమ్మలంటే తిరునాళ్లలో కొనే బొమ్మలు కావు. పెట్టె విప్పితే విమానం ఉండదు. ప్లాస్టిక్ కడ్డీల చట్రాలు ఉంటాయి. వాటికి చింతకాయల్లా వేలాడుతూ వందల ముక్కలు. రెక్కలో సగం ఒకచోట, చక్రం ఒకచోట, ఇంజన్ సిలిండర్లు ఇంకోచోట. ఒక్కో ముక్కనీ చిన్న కటింగ్ ప్లేయరుతో తుంచి, తుంచిన చోట గరుకు కాగితంతో నునుపు చేసి, రంగు వేసి, ఆరబెట్టి, అతికించాలి. తేలిక రకమైతే రెండు ఆదివారాల్లో అయిపోతుంది. కష్టమైన కిట్ అయితే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది.

అంత కష్టం ఎందుకని అడిగిన వాళ్లకు ఆయన దగ్గర సమాధానం ఉండేది కాదు. నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆయన చేసిన నలభై రెండో విమానం కథ వింటే ఆ 'ఎందుకు' కొంచెం అర్థమవుతుంది.

* * *

ఈ సరదా వయసు తొంభై ఏళ్లకు దగ్గర పడుతోంది. 1936లో ఇంగ్లండులో 'ఫ్రాగ్' అనే కంపెనీ 'పెంగ్విన్' పేరుతో ప్లాస్టిక్ విమానాల కిట్లు అమ్మడం మొదలుపెట్టింది. వాటి కొలత 1/72. అంటే అసలు విమానంలో ఆరు అడుగులు బొమ్మలో ఒక్క అంగుళం. ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడన్నమాట. ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత యుద్ధం వచ్చింది. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లలకు ఒక పని అప్పజెప్పింది. మిత్రుల విమానాలు, శత్రువుల విమానాలు కలిపి 5 లక్షల చెక్కబొమ్మలు చేసి ఇమ్మంది. అవీ 1/72 కొలతవే. ఆకాశంలో వస్తున్నది మనదో, పరాయిదో సైనికులు ఒక్క చూపులో గుర్తుపట్టాలి. పొరపాటు పడితే సొంత విమానాన్నే కూల్చేస్తారు. అందుకని పిల్లలు చేసిన బొమ్మల్ని చూపించి పాఠాలు చెప్పారు. ఆటవస్తువు అనుకున్నది అలా యుద్ధంలోకి వెళ్లింది.

యుద్ధం అయ్యాక అది మళ్లీ పిల్లల దగ్గరికొచ్చింది. హంగరీ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన నికొలస్ కోవ్ అనే వ్యాపారి 1939లో 'ఎయిర్‌ఫిక్స్' స్థాపించాడు. మొదట్లో గాలి ఊదే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేసిన ఆ కంపెనీ 1953లో స్పిట్‌ఫైర్ విమానం కిట్ తెచ్చింది. రెండు షిల్లింగులకు ఒక సంచీ. ఇంగ్లండులో ఒక తరం మగపిల్లలు వేళ్లకు జిగురు అంటించుకుంటూ పెరిగారు.

అటు జపాన్‌లో షిజువోకా ప్రాంతం ఈ బొమ్మలకు పుట్టిల్లయింది. తమియా అక్కడిదే, హసెగావా అక్కడిదే. చెక్కపనికి పేరున్న ప్రాంతం అది. ఈ రెండు కంపెనీలూ మొదట చెక్కబొమ్మలు చేసినవే. తర్వాత ప్లాస్టిక్‌లోకి మారాయి. ఇప్పుడు ప్రపంచంలో ఎవరు విమానం బొమ్మ కట్టాలన్నా ఆ ఊరి పెట్టె ఒకటైనా విప్పక తప్పదు.

షిజువోకాకు ఇంకో కథ కూడా ఉంది. 1945 జూన్ 19 రాత్రి అమెరికా బి-29 విమానాలు ఆ ఊరిని తగలబెట్టాయి. దాదాపు రెండు వేల మంది చనిపోయారు. అదే రాత్రి రెండు బి-29లు ఆకాశంలో ఒకదానికొకటి గుద్దుకుని ఊరి మీదే పడ్డాయి. వాటిలో ఉన్న 23 మంది అమెరికన్లూ పోయారు. ఫుకుమత్సు ఇతో అనే స్థానికుడు ఊరి వాళ్ల శవాలతో పాటు ఆ 23 మందికీ అంత్యక్రియలు జరిపించాడు. తర్వాత ఇద్దరి పేరునా కొండ మీద స్మారకాలు నిలబెట్టాడు. బాంబులు వేసిన వాళ్లకూ, పడిన వాళ్లకూ ఒకే చోట దణ్నం పెట్టే ఆచారం అక్కడ మొదలైంది.

ఈ సంగతి ఆయన ఎప్పుడో చదివాడు. చదివి, బాగుందనుకుని మరిచిపోయాడు. మళ్లీ గుర్తుకురావడానికి చాలా ఏళ్లు పట్టింది.

* * *

2009లో ఆఫీసు పని మీద టోక్యో వెళుతూ మేనల్లుడు ఫోన్ చేశాడు. ''మావయ్యా, నీకేం తేను?''

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ''నకజిమా బి5ఎన్. హసెగావా వాళ్లది. 1/48 కొలత.''

మేనల్లుడు తెచ్చాడు. హాల్లో పెట్టె విప్పుతుంటే, గోడకు ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తి చూసింది. పెట్టె మీద బొమ్మ. ముదురాకుపచ్చ రెక్కలు, వాటి మీద ఎర్రటి గుండ్రాలు.

''ఏట్రా అది?''

''జపాను విమానమమ్మా. నలభై రెండులో మన ఊరి మీదికి వచ్చింది ఈ రకమే.''

ఆవిడ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి చాట పక్కకు జరిపి లేచింది. ''నా కళ్ల ముందు పెట్టకు'' అని లోపలికి వెళ్లిపోయింది.

1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకు ముందు రోజే జపాన్ నౌకాదళం కొలంబో మీద విరుచుకుపడింది. మరో దళం బంగాళాఖాతంలోకి వచ్చి సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచింది. ఆ దళంలోని 'ర్యూజో' అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవు 1933లో మొదలైంది. పక్కనే సింధియా ఓడల కర్మాగారానికి 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది కూడా కాలేదు. చరిత్ర పుస్తకాల్లో ఆ దాడికి దక్కేది ఒకటి రెండు వాక్యాలే. నష్టం మరీ పెద్దది కాదు. కానీ ఊరు మాత్రం రాత్రికి రాత్రి ఖాళీ అయింది.

అప్పుడు అమ్మకు ఎనిమిదేళ్లు. వన్‌టౌన్‌లో ఉండేవాళ్లు. విమానం ఆవిడ చూడలేదు. మోత మాత్రం విన్నది. ఆ సాయంత్రమే వాళ్లమ్మ మూట కట్టింది. ఎడ్లబండి దొరికేసరికి చీకటిపడింది. చోడవరం వైపు చుట్టాల ఊరు. తండ్రి రేవులో కూలీల మేస్త్రీ, ఉద్యోగం వదిలి రాలేడు. రెండున్నరేళ్ల తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని అక్కే కూర్చుంది బండి వెనకాల.

చుట్టాల ఇంట్లో అప్పటికే మూడు కుటుంబాలు దిగాయి. వీళ్లకు పశువులపాక పక్క చావడి ఇచ్చారు. పదో రోజున తమ్ముడికి జ్వరం వచ్చింది. డాక్టరు లేడు, మందు లేదు. నాలుగు రోజులకు పోయాడు.

''బాంబు మనల్ని ముట్టుకోలేదు'' అని అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకే మాటతో ముగించేది. ''కానీ నా తమ్ముణ్ని తీసుకుపోయింది.''

పెట్టె అటకెక్కింది. పదకొండేళ్లు అక్కడే ఉంది.

* * *

ఆ పదకొండేళ్లలో ఆయన చేతులు ఖాళీగా లేవు. అలమరలో విమానాలు ఒక్కొక్కటే చేరాయి. వాటిలో ఆయనకు బాగా ఇష్టమైంది ఒక స్పిట్‌ఫైర్. ఎవరైనా ఇంటికొస్తే ముందు దాన్నే చూపించేవాడు.

''ఇది మన హైదరాబాదుది'' అనేవాడు. వచ్చినవాళ్లు వేళాకోళం అనుకునేవారు.

వేళాకోళం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం బ్రిటిష్ వారికి విమానాలు కొనిచ్చాడు. 1918లో ఆ డబ్బుతో వచ్చిన డీహెచ్-9ఏ విమానాలతో 110వ స్క్వాడ్రన్ యుద్ధానికి వెళ్లింది. దాని పేరులోనే హైదరాబాదు చేరింది. నిజాం బహూకరించినట్టు ఒక్కో విమానం మీదా రాశారు. వాటిలో ఒకటి జర్మన్లకు చిక్కి, బెర్లిన్‌కూ, అక్కణ్నుంచి పోలండుకూ చేరి, చివరికి ఇంగ్లండుకు తిరిగొచ్చి రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాదు పేరు పెట్టారు. 152వ దళం చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్లతో పోరాడిన ఆ దళమే తర్వాత బర్మా వచ్చి జపాన్ వాళ్లతో పోరాడింది. అప్పుడు దాని స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న చిరుతపులి బొమ్మ ఉండేది.

ఆ బొమ్మలో పిల్లలకు కూడా తెలిసేలా ఒక విశేషం ఉంది. బ్రిటిష్ విమానాల గుర్తు మధ్యలో మామూలుగా ఎర్ర చుక్క ఉంటుంది. బర్మా వైపు వచ్చిన వాటికి ఆ ఎరుపు తీసేసి, ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. ఎందుకంటే ఎర్ర గుండ్రం కనబడితే చాలు, జపాను విమానం అనుకుని సొంత వాళ్లే కాల్చేస్తారు. చిటికెడు రంగులో ప్రాణాలు ఉంటాయని ఆయన మనవరాలికి చెబుతుండేవాడు. అందుకే ఆ నీలం సరిగ్గా కుదిరేదాకా మూడుసార్లు చెరిపి మళ్లీ వేశాడు.

అటక మీది పెట్టె సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు అది చేతికి తగిలేది. దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెట్టేవాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఇంట్లో అందరూ ఇంట్లోనే. అప్పటికే ఆయన కుడిచెయ్యి కొద్దిగా వణకడం మొదలైంది. వయసుతో వచ్చేదేననీ, ప్రమాదం లేదనీ డాక్టరు చెప్పాడు. డాక్టరుకేం తెలుసు? అర మిల్లీమీటరు గీత గీసేవాడికి వణుకుతో ఎంత ప్రమాదమో.

ఒక మధ్యాహ్నం అమ్మే అడిగింది. అప్పటికి ఆవిడకు ఎనభై ఆరు.

''ఒరే, ఆ పెట్టె ఇంకా ఉందా?''

ఏ పెట్టె అని ఆయన అడగలేదు. ''ఉందమ్మా.''

''ఎలకలు కొట్టెయ్యలేదు కదా. దించు, చూద్దాం.''

* * *

నకజిమా బి5ఎన్ మొదటిసారి 1937లో ఎగిరింది. నౌక మీది నుంచి లేచి టార్పెడో గానీ బాంబులు గానీ వేసే విమానం అది. రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి 15 మీటర్లకు పైన. లోపల ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. ముందు పైలట్, మధ్యలో దారి చూసి గురిపెట్టేవాడు, వెనక రేడియో, మెషిన్‌గన్ చూసుకునేవాడు. ముగ్గురి మీదా పొడవాటి అద్దాల కప్పు. మిత్రరాజ్యాల వాళ్లు దానికి పెట్టుకున్న మారుపేరు 'కేట్'. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన విమానాల్లో ఇదీ ఉంది. వెయ్యికి పైగా తయారైనా చెక్కుచెదరకుండా ఒక్కటీ మిగల్లేదు. 1970లో విడుదలైన 'తోరా తోరా తోరా' సినిమా తీసినప్పుడు అమెరికా శిక్షణ విమానాలనే ఈ ఆకారంలోకి మార్చి ఎగరేశారు. ఇప్పుడు దాన్ని పూర్తి రూపంలో చూడాలంటే బొమ్మే గతి.

1/48 కొలతలో అది అడుగు కన్నా కొంచెం వెడల్పు. అన్నిటికన్నా కష్టం ఆ అద్దాల కప్పు. దానికి ఎన్ని గళ్లున్నాయో అన్నిటికీ టేపు ముక్కలు కోసి అంటించాలి. అప్పుడు రంగు చల్లితే చట్రానికి మాత్రమే పడుతుంది. మామూలుగా రెండు సాయంత్రాల పని. వణికే చేత్తో ఆయనకు పదకొండు రోజులు పట్టింది. మోచెయ్యి బల్లకు ఆనించి, మణికట్టు కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కో ముక్క అంటించేవాడు. పొద్దున కాఫీ మానేశాడు. కాఫీ తాగితే చెయ్యి ఇంకా వణుకుతోందని కనిపెట్టాడు మరి.

రంగు దగ్గర విశాఖ గాలి అడ్డుపడింది. సముద్రపు తేమకు కొన్ని రకాల రంగులు ఆరేటప్పుడు పాలవిరుగుడులా తెల్లబడతాయి. అందుకని తెల్లారి కాకుండా, ఎండ బాగా కాసే పదకొండు గంటలకు కిటికీ దగ్గర కూర్చుని రంగు చల్లేవాడు.

తర్వాత ఉప్పు. యుద్ధకాలపు జపాన్ విమానాలకు రంగు త్వరగా పెచ్చులూడిపోయేది. కింద వెండిరంగు లోహం కనబడేది. అది చూపించకపోతే విమానం షోరూములోంచి వచ్చినట్టుంటుంది. దానికి ఒక చిట్కా ఉంది. ముందు వెండిరంగు వెయ్యాలి. రంగు ఊడిన చోటల్లా నీళ్లు తడిపి ఉప్పు చల్లాలి. ఆరాక పైన ఆకుపచ్చ రంగు చల్లాలి. చివర్లో ఉప్పు రుద్ది రాల్చేస్తే కింది వెండి బయటపడుతుంది.

''వంటింట్లో ఉప్పు డబ్బా ఏదీ?'' అని భార్య కేకేసింది.

''విమానం మీద ఉంది'' అంది మనవరాలు.

చివరికి తోక దగ్గర ఆగాల్సొచ్చింది. కిట్‌లో ఇచ్చిన స్టిక్కర్లు పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లిన వేరే నౌకల విమానాలవి. ఆయనకు కావలసింది ర్యూజో నుంచి ఏప్రిల్ 6న లేచిన విమానం నంబరు. పుస్తకాలు తిరగేశాడు, తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాశాడు. నమ్మదగ్గ ఫొటో ఒక్కటీ దొరకలేదు. తోక ఖాళీగా వదిలేశాడు.

''ఏదో ఒకటి వేసెయ్యొచ్చుగా తాతయ్యా. ఎవరికి తెలుస్తుంది?''

''నాకు తెలుస్తుంది కదమ్మా.''

అక్కడితో అయిపోయేదే. ఆ రాత్రి మాత్రం తొందరపడ్డాడు. పైలట్ సీటు బెల్టు ఒకటి ఊడింది. దాన్ని వెంటనే ఆరే జిగురుతో అతికించి, ఆవిరి పోయేదాకా ఆగకుండా అద్దాల కప్పు మూసేశాడు. కప్పును ఫెవికాల్‌తో అంటించి నిద్రపోయాడు. పొద్దున చూస్తే అద్దమంతా లోపలివైపు మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. ఆ జిగురు ఆవిరికి అద్దం మసకబారుతుందని పిల్లకాయలకు కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఒక్క రాత్రి తొందరకు లొంగిపోయింది.

ఆయన దాని ముందు కూర్చుని అలాగే ఉండిపోయాడు. పదకొండు రోజులు ముక్క ముక్కా అంటించిన అద్దం అది. మళ్లీ చెయ్యడానికి చేతులు ఒప్పుకుంటాయో లేదో తెలీదు.

* * *

అమ్మ కర్ర ఊతంతో గదిలోకి వచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు చికిలించి విమానాన్ని చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. వంగి, దగ్గరగా, చాలాసేపు చూసింది.

''దీన్లో ఎంతమంది కూర్చుంటారు?''

''ముగ్గురమ్మా.''

''ఏరీ?''

''అద్దం మసకబారింది, కనబడదు. అయినా లోపల ఎవరూ లేరు. నేను మనుషుల్ని పెట్టను.''

అది ఆయన అలవాటు. కిట్‌లో బొమ్మ మనుషులు వస్తారు గానీ, చాలామంది లాగే ఆయనా వాళ్లను వాడడు. మనిషి బొమ్మను సహజంగా తీర్చిదిద్దడం కష్టం. పైగా మనిషి కూర్చుంటే లోపల అంత శ్రద్ధగా చేసిన మీటలూ, డయళ్లూ కనబడవు. నలభై ఒక్క విమానాల్లోనూ సీట్లు ఖాళీయే.

అమ్మకు ఆ మాట నచ్చలేదు.

''మనుషుల్లేకుండానే వచ్చిందా అది? నడిపినవాడు ఉన్నాడు, వేసినవాడు ఉన్నాడు. ఇలా ఖాళీగా పెడితే దాని బుద్ధికి అదే వచ్చి వేసినట్టుంది.''

ఆయన మాట్లాడలేదు.

''ఎంత వయసుంటుందిరా వాళ్లకి?''

''ఇరవై, ఇరవై రెండు. కుర్రాళ్లే.''

''వాళ్లేమయ్యారు తర్వాత?''

''ఎవరేమయ్యారో తెలీదమ్మా. ఆ ఓడ మాత్రం ఆ ఏడాది ఆగస్టులోనే మునిగిపోయింది. సాలమన్ దీవుల దగ్గర.''

నిజమే. 1942 ఆగస్టు 24న అమెరికా విమానాలు ర్యూజోను ముంచేశాయి. విశాఖ మీద దాడి జరిగి అప్పటికి ఐదు నెలలు కూడా కాలేదు.

అమ్మ కాసేపు ఊరుకుంది. ''వాళ్లమ్మలకి ఏం చెప్పుంటారో'' అంది. అని, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, షిజువోకా కొండ మీది స్మారకాల సంగతి. బల్ల మీది పెట్టె తిప్పి చూశాడు. అడుగున అచ్చువేసిన చిరునామా ఆ ప్రాంతానిదే. ఇన్నేళ్లూ అటక మీదున్న పెట్టె మీదే ఉంది. చూడలేదు.

ఫెవికాల్ నీళ్లకు మెత్తబడుతుంది. తడి కుంచెతో అంచంతా తడుపుతూ, గంటన్నర ఓపిక పట్టి అద్దాల కప్పు ఊడదీశాడు. విరగలేదు. లోపలి మసకను టూత్‌పేస్టుతో, మెత్తని పాత ధోవతి గుడ్డతో రుద్దాడు. ఒక రోజు, రెండు రోజులు, ఐదు రోజులు. మెల్లగా అద్దం తేరుకుంది. కొత్తదానిలా కాదు, ఒక మూల చిన్న మచ్చ ఉండిపోయింది.

ఈలోపు చట్రం మీద పక్కన పడేసిన ముగ్గురు మనుషుల్ని తుంచాడు. ఒక్కొక్కరూ కూర్చుంటే చిటికెన వేలి గోరుకు రెండింతలు ఉంటారు. గోధుమరంగు ఫ్లయింగ్ సూట్లు, తల మీద టోపీ, కళ్లజోడు. మొహానికి నాలుగు రంగులు కలిపాడు. కనుబొమ్మ గీత దగ్గర చెయ్యి వణికింది. పైలట్ ఒక కనుబొమ్మ కొంచెం పైకి లేచి, ఏదో అనుమానంగా చూస్తున్నట్టు వచ్చింది. చెరిపి మళ్లీ గీద్దామనుకున్నాడు. మనవరాలు వద్దంది. ''భయపడుతున్నట్టున్నాడు తాతయ్యా, అలాగే ఉంచు.'' ఉంచేశాడు.

ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఈసారి రెండు రోజులు ఆగి, అప్పుడు అద్దం మూశాడు.

* * *

విశాఖ బీచ్‌రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఒక మ్యూజియం ఉంది. ఆ దాడిలో పడి, పేలకుండా మిగిలిన బాంబును అక్కడ ప్రదర్శనకు పెట్టారు. సెలవు రోజుల్లో తల్లిదండ్రులు పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు. ఇనుప బాంబును చూస్తే ఇనుమే కనబడుతుంది. వేసినవాడు కనబడడు, ఎడ్లబండి వెనక తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లా కనబడదు.

యుద్ధవిమానాల బొమ్మలు చేసేవాళ్లను చాలామంది ఒక ప్రశ్న అడుగుతుంటారు. మనుషుల్ని చంపే యంత్రాన్ని ఇంత ప్రేమగా చెయ్యడం ఏమిటని. న్యాయమైన ప్రశ్నే. పెట్టె మీది రంగురంగుల బొమ్మల్లో పొగ ఉంటుంది, మంట ఉంటుంది, వీరత్వం ఉంటుంది. చోడవరం దారిలో జ్వరంతో పోయిన పసివాడు ఉండడు. అయితే ఆరు నెలలు ఒక విమానంతో గడిపిన వాడికి ఒకటి మాత్రం తెలుస్తుంది. ఆ సీటు ఎంత ఇరుకో, వెనక కూర్చున్నవాడికి తలుపు ఎంత దూరమో, రేకు ఎంత పల్చనో. ఇంత చిన్న చోట మనిషి కూర్చుని ఇంత పెద్ద పని చేశాడా అనిపిస్తుంది. ఆ అనిపించడం దగ్గర ఆగిపోతే అది వట్టి సరదా. అమ్మ ఆయన్ని అక్కడ ఆగనివ్వలేదు.

విమానం పూర్తయిన రోజు ఆయన దాన్ని అలమరలో పెట్టబోయాడు. హైదరాబాదు పేరున్న స్పిట్‌ఫైర్ పక్కన చోటు ముందే ఖాళీ చేసి ఉంచాడు. బర్మా ఆకాశంలో రెండు పక్షాలు. ఇప్పుడు ఒకే అరలో. అమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఆయన దాన్ని వీధి వైపు ముక్కుతో పెట్టాడు. వచ్చినవాళ్లకు బాగా కనబడుతుందని.

''అలా కాదు'' అంది అమ్మ. ''ఊరి వైపు పెట్టావేట్రా?''

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ కర్ర ఎత్తి కిటికీ వైపు చూపించింది. ఆ కిటికీలోంచి, రెండు మేడల సందులో, ఒక జానెడు సముద్రం కనబడుతుంది.

''అటు తిప్పు. ఇంటికి పోనీ, కుర్రాళ్లని.''

తిప్పాడు.

2022లో అమ్మ వెళ్లిపోయింది. ఆయన చెయ్యి వణుకు ఇంకొంచెం పెరిగింది. ఇప్పుడు పెద్ద కొలత కిట్లే, అదీ ముక్కలు తక్కువ ఉన్నవే చేస్తున్నాడు. కొత్త వాటన్నిటిలోనూ మనుషుల్ని కూర్చోబెడుతున్నాడు. నెలకోసారి అలమర తీసి మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతాడు. ఒక్కో విమానాన్నీ తీసి, తుడిచి, ఎలా వీలైతే అలా పెడతాడు. అన్నీ వీధి వైపో, గోడ వైపో చూస్తుంటాయి. అదొక్కటి మాత్రం, ఎన్నిసార్లు తీసినా, మళ్లీ సముద్రం వైపే.